బిడ్డ మంచానికి ఆరు సెంటీమీటర్ల కొలత

మా బాబు పుట్టడానికి రెండు నెలల ముందు, మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ తమ పాప పడుకున్న, చుట్టూ చువ్వలుండే చెక్క కాట్‌ను మాకు ఇచ్చి వెళ్లారు. టేకు రంగు పాలిష్, నాలుగు చక్రాలు, బట్టలు పెట్టుకోవడానికి కింద ఒక సొరుగు. చూడగానే ముచ్చట వేసింది. ఒక పక్క చువ్వల చట్రం గొళ్లెం నొక్కితే కిందికి జారుతుంది కనుక, రేపు ఆపరేషన్ అయినా నడుము వంచకుండా బిడ్డను ఎత్తుకోవచ్చునని అందరం సంతోషించాము. ఆదివారం సాయంత్రం మావారు దాన్ని బిగించి, ఆ జారే పక్కను దించి ఎత్తి చూశారు. మూడోసారి ఎత్తినప్పుడు కింది మూల గాడిలోంచి బయటికి వచ్చేసింది. పైనుంచి చూస్తే చట్రం సక్రమంగా నిలబడే ఉంది, కాని కింద చట్రానికీ పరుపు పలకకూ మధ్య నా అరచేయి దూరేంత సందు పడింది. గొళ్లెం లోపలి ప్లాస్టిక్ ముక్క ఎప్పుడో చిట్లిపోయి ఉంది. ఇచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు. వాళ్ల పాప రెండేళ్లు అందులోనే పడుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలా ఒక పక్క కిందికి జారే కాట్‌లను అమెరికాలో 2011 జూన్ 28 నుంచి తయారు చేయడం, అమ్మడం పూర్తిగా నిషేధించారని అప్పుడే చదివాను. జారే పక్క ఊడి, ఆ సందులో ఇరుక్కుని 2000వ సంవత్సరం నుంచి అప్పటివరకు అక్కడ కనీసం 32 మంది పసివాళ్లు చనిపోయారు. మర్నాడు ఆ మంచాన్ని ఎవరికీ ఇవ్వకుండా, చెత్త దగ్గర పెడితే ఇంకెవరైనా తీసుకుపోతారేమోనన్న భయంతో, మావారి చేత చట్రాన్ని నిలువునా కోయించి పారవేయించాను. మంచి వస్తువును పాడు చేశామని అత్తయ్య నొచ్చుకున్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది, కాని చేసిన పని సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఉయ్యాల గురించి మా అమ్మకు తెలియని విషయం లేదు. చీర ఏ నేతదైతే ఆగుతుంది, ముడి ఎక్కడ వేయాలి, బిడ్డ ఏడుపును బట్టి ఎంత జోరుగా ఊపాలి, ఇవన్నీ ఆమెకు వాళ్ల అమ్మ నేర్పింది. కాట్ విషయంలో అలా తరాల నుంచి చేతికి అందిన జ్ఞానం మా ఇంట్లో ఎవరికీ లేదు, ఎందుకంటే మన ఇళ్లలో బిడ్డ తల్లి పక్కన చాపమీదో, ఉయ్యాలలోనో పడుకునేది. ఉయ్యాల పక్కన దాన్ని ఊపే మనిషి ఉంటుంది. కాట్ అలాంటిది కాదు. రాత్రి రెండు గంటలకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్న వేళ, బిడ్డ ఒంటరిగా ఉండే చోటు అది. కాబట్టి ఎవరి కన్నూ పడని ఆ సమయంలో అందులో ఏమి జరగవచ్చునో ముందే ఊహించి దాన్ని ఎంచుకోవాలి. పుట్టిన మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. ఇంట్లో మరే వస్తువు మీదా అన్ని గంటలు గడపదు.

అందుకే కొత్తది కొనడానికి బయలుదేరే ముందు మేముండే బెంగళూరులో, సిద్దయ్య రోడ్డులో చెక్క, ప్లైవుడ్ దుకాణాల దగ్గర ఒక వడ్రంగిని పట్టుకుని, సరిగ్గా ఆరు సెంటీమీటర్ల వెడల్పుతో ఒక చెక్కముక్క కోసిపెట్టమన్నాను. అతనిది హిందూపురం. "దేనికక్కా ఇది?" అని అడిగి, సంగతి విన్నాక ముక్క అంచులను గరుకు లేకుండా రుద్ది, పెన్సిలుతో దానిమీద '6' అని రాసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆ ముక్కను చేతిసంచిలో వేసుకుని జయనగర్ నుంచి మారతహళ్లి వరకు ఆరు దుకాణాలు తిరిగాను. చువ్వకూ చువ్వకూ మధ్య ఆ ముక్క వదులుగా ఆడిందంటే, ఆ మంచం మాకు వద్దు.

ఈ కొలతకు కారణం బిడ్డ శరీరమే. పసిబిడ్డకు తల పెద్దది, ఒళ్లు చిన్నది. సందు వెడల్పుగా ఉంటే కాళ్లు, నడుము, ఛాతీ జారి బయటికి వచ్చేస్తాయి, తల మాత్రం లోపల ఆగిపోతుంది. అమెరికా నియమం ప్రకారం చువ్వల మధ్య దూరం 6 సెంటీమీటర్లు మించకూడదు. యూరప్ ప్రమాణంలో అది 4.5 నుంచి 6.5 వరకు ఉంటుంది. నేను చూసిన వాటిలో రెండు మంచాలకు ఏడున్నర ఉంది. తలవైపు పలకలో చంద్రవంకలు, నక్షత్రాలు తొలిచిన మంచం ఒకటి చాలా అందంగా ఉంది, కాని ఆ చంద్రవంకలో బిడ్డ చేయి దూరి మణికట్టు దగ్గర మెలిపడవచ్చు. ఇంకొకదానికి నాలుగు మూలలా గుండ్రటి గుబ్బలు ఉన్నాయి. నిలబడే వయసు వచ్చాక చొక్కా మెడపట్టీ గుబ్బకు చిక్కుకుని బిడ్డ కిందికి జారితే అదే ఉరి అవుతుంది. అమెరికా ప్రమాణం మూల కోళ్లను అంచుకంటే ఒకటిన్నర మిల్లీమీటరు కంటే పైకి రానివ్వదు. దుకాణదారులు నన్ను విసుక్కోలేదు, కాని 'ఇంతమంది కొనుక్కుపోతున్నారు కదా మేడమ్' అన్నమాట మాత్రం దాదాపు ప్రతిచోటా విన్నాను.

చెక్క విషయంలో నాకు పట్టింపు తక్కువే. వేప, రబ్బరు చెక్క, పైన్, టేకు, ఏదైనా సరే, చీలికలు లేకుండా, కీళ్ల దగ్గర కదలకుండా ఉంటే చాలు. రంగు విషయంలో మాత్రం రాజీపడలేదు. ఆరో నెల దాటి చిగుళ్లు దురద పెట్టడం మొదలయ్యాక బిడ్డ ముందుగా కొరికేది మంచం పై అంచునే. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90 భాగాలు) మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది కనుక, అంతకు ముందు రంగు వేసిన పాత మంచాన్ని ఎంత దగ్గరివారు ఇచ్చినా తీసుకోవద్దని నా మనవి. వడ్రంగి చేత చేయించుకునేవారు మెరిసే రంగులు వేయించవద్దు; నీటి ఆధారిత పాలిష్ వేయించి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలు గాలికి పెట్టాలి. రంగు మాట వచ్చింది కనుక ఒక సంగతి చెబుతాను. బెంగళూరుకు 60 కిలోమీటర్ల దూరంలోని చన్నపట్న బొమ్మలు, మన ఏటికొప్పాక బొమ్మలు రెండూ ఒకే అంకుడు కర్రతో, లక్కపూతతో తయారవుతాయి. చన్నపట్న నుంచి తెచ్చిన గిలక్కాయను చూసి అత్తయ్య "ఇది మన ఏటికొప్పాకదేనే" అని మురిసిపోయారు. ఆ గిలక్కాయ పగటి ఆటలకే. రాత్రి మంచంలోకి దానికి ప్రవేశం లేదు.

సైజు నిర్ణయించడానికి పాత వార్తాపత్రికలు పనికివచ్చాయి. మామూలు కాట్ 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉంటుంది. తరువాత పక్క చట్రం తీసేసి నాలుగేళ్ల వరకు చిన్న మంచంగా వాడుకునే కాట్ బెడ్ 140 పొడవు, 70 వెడల్పు. మా పడకగది పది అడుగులకు పదకొండు. రెండు సైజులకూ పత్రికలు అతికించి నేలమీద పరిచి, బీరువా తలుపు తెరుచుకుంటుందా, రాత్రి దీపం వేయకుండా నేను చుట్టూ నడవగలనా అని రెండు రోజులు చూసుకున్నాము. పెద్దదే పట్టింది. దాన్ని కిటికీకి, పరదా తాడుకు, ఫోను చార్జరు తీగలకు చేయి అందనంత దూరంగా, మా మంచానికి నా చేయి చాస్తే అందేంత దగ్గరగా వేశాము. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కాని వేరే పడక మీద పడుకోవాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. ఆ మాట విన్నాక అమ్మకు కొంత ఊరట కలిగింది, ఎందుకంటే కాట్ అంటే బిడ్డను వేరే గదిలో ఒంటరిగా పడేయడం అని అంతవరకు ఆమె దిగులు పడింది.

ఇక పరుపు సంగతి. పురిటికి నేను పుట్టింటికి వెళ్లలేదు కనుక అమ్మే ఒంగోలు నుంచి వచ్చింది. వస్తూ వస్తూ బూరుగు దూదితో తానే దగ్గరుండి కుట్టించిన చిన్న పరుపు, ఆవాలు నింపిన దిండు తెచ్చింది. ఆ పరుపు మీద తెల్లటి నూలు గుడ్డ, చుట్టూ పచ్చదారంతో కుట్టు; దూదిలో ఒక్క గింజ లేకుండా ఏరి వేయించింది. నేను కాట్ కోసం కొన్న కొబ్బరిపీచు పరుపును చేత్తో నొక్కి చూసి, "ఇంత గట్టిదాని మీద పసిగుడ్డును ఎలా పడుకోబెడతావే? ఒళ్లు నొప్పులు పుట్టవూ?" అంది.

నాకు జవాబు మాటల్లో చెప్పబుద్ధి కాలేదు. రెండు పరుపులనూ పక్కపక్కన వేసి, అమ్మ చేతినే రెండింటి మధ్యలో గట్టిగా అదిమించి తీయించాను. పీచు పరుపు మీద చేయి తీసీ తీయగానే గుర్తు మాయమైంది. బూరుగు పరుపు మీద అమ్మ అరచేయి, అయిదు వేళ్లు, ఉంగరం వేలి దగ్గరి లోతుతో సహా అలాగే నిలిచిపోయాయి. "ఆ గుంటలో వాడి మొహం ఉంటే, అమ్మా?" అని అడిగాను. మూడు నాలుగు నెలల బిడ్డ అనుకోకుండా బోర్లా తిరిగితే మళ్లీ వెల్లకిలా తిరగలేదు, తల ఎక్కువసేపు ఎత్తి ఉంచలేదు. గట్టి పరుపు మీద ముక్కు పక్కకు తిరగడానికి చోటుంటుంది. మెత్తటి గుంటలో తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవలసి వస్తుంది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ పరుపును తానే మడిచి బీరువా మీద పెట్టి, "వాడు నడిచాక కూర్చోవడానికి పనికొస్తుందిలే" అంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, ఎందుకంటే ఆ దూది ఏరడానికి ఆమెకు ఎన్ని మధ్యాహ్నాలు పట్టి ఉంటుందో నాకు తెలుసు.

మెత్తదనం పెద్దవాళ్ల కంటికి సుఖంగా కనిపిస్తుంది. బిడ్డ ఎముకలు, కండరాలు మనలా అలసి ఉండవు, వాడికి నడుము నొప్పి లేదు. వాడికి కావలసిన సుఖం వేరు: పొడిగా ఉండటం, మరీ వేడి కాకపోవడం, ఊపిరికి అడ్డం లేకపోవడం, ఏడిస్తే అమ్మ వెంటనే అందడం. ఈ నాలుగూ చూసుకుంటే బల్లలా గట్టిగా ఉన్న పరుపు మీద కూడా బిడ్డ హాయిగా నిద్రపోతుంది. మా వాడు పడుకున్నాడు.

పరుపును మంచం లోపలి కొలతకు కోయించుకోవడం మంచిది. అంచుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉండకూడదు. మేము కొన్న దుకాణంలో కొలత ఇస్తే మూడు రోజుల్లో చేసి ఇచ్చారు. మందం పది సెంటీమీటర్లు మించనివ్వలేదు, ఎందుకంటే మెట్లుగా ఎత్తు మార్చుకోగల పరుపు పలకను అన్నిటికంటే కిందికి దించి పరుపు వేశాక కూడా పై అంచు వరకు 50 సెంటీమీటర్లు మిగలాలి. పరుపు మందమైనకొద్దీ చుట్టూ ఉన్న చట్రం ఎత్తు తగ్గుతుంది. పైన తడి దిగని తొడుగు, దానిమీద నాలుగు అంచులా ఎలాస్టిక్ ఉన్న నూలు దుప్పటి ఒక్కటే వేస్తాము. పాతకాలం రబ్బరు షీటు ఊరికే పరిస్తే బిడ్డ కాళ్లాడించేసరికి ముడుచుకుని మొహం మీదికి వస్తుంది. కొత్త పరుపు వచ్చిన ప్లాస్టిక్ కవరును పాడవకుండా ఉంటుందని అలాగే ఉంచడం ఎన్నో ఇళ్లలో చూశాను. పసిబిడ్డ దగ్గర ఆ పలుచటి కవరు చాలా ప్రమాదకరం.

మంచంలో ఇంకేమీ ఉండకూడదు. ఆవాల దిండు వద్దని చెప్పినప్పుడు తల చదునైపోతుందని అత్తయ్య భయపడ్డారు. మా పిల్లల డాక్టరు ఇచ్చిన సలహా ఏమిటంటే, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లముందు రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టాలి, నిద్రలో తల ఒక రోజు ఇటు, ఒక రోజు అటు ఉండేలా చూడాలి. చువ్వల చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు ఇక్కడి దుకాణాలన్నిటిలో మంచంతో కలిపి ఇస్తున్నారు. అమెరికాలో 2022 మేలో చట్టం చేసి వాటిని, పది డిగ్రీల కంటే ఏటవాలుగా ఉండే పడకలను నిషేధించారు. బిడ్డ తల చువ్వకు తగిలితే చిన్న బొప్పి కడుతుంది, అంతే. మొహం బంపరుకు ఆనుకుంటే ఊపిరి అందదు. దోమతెర మాత్రం తప్పనిసరి, డెంగీ ఉన్న ఊరు ఇది. దాన్ని మంచం బయటివైపు నుంచి బిగుతుగా కట్టాలి, లోపలికి వేలాడకూడదు.

పీడకలలు రాకుండా బిడ్డ తలకింద ఇనుప ముక్క పెట్టడం మా అత్తవారింటి ఆచారం. దాన్ని కాదనలేదు, మంచం కింద నేలమీద పెట్టాము. మెడలో నల్లపూసల తాడు, తాయెత్తు మాత్రం నిద్రకు ముందు తీసేస్తాను. దిష్టికి అరికాలి చుక్క చాలునని అత్తయ్యే ఒప్పుకున్నారు.

అన్నిటికంటే కష్టమైన వాదన వెల్లకిలా పడుకోబెట్టడం మీద జరిగింది. పాలు కక్కితే గొంతుకు అడ్డం పడుతుందని అమ్మ, అత్తయ్య ఇద్దరూ పట్టుబట్టారు. డాక్టరు ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక రెండు గొట్టాలు గీసి చూపించారు. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారగొట్టం కింద ఉంటాయి కనుక కక్కిన పాలు పైకెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా పడుకుంటే ఆ వరస తలకిందులవుతుంది. అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో ప్రచారం మొదలుపెట్టాక, కారణం తెలియకుండా నిద్రలో సంభవించే శిశుమరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ మరణాలలో ఎక్కువ భాగం ఒకటి, నాలుగు నెలల మధ్య వయసులో జరుగుతాయి. అది తెలిశాక ఆ నెలలన్నీ నేను ఎన్ని రాత్రులు లేచి చూసుకున్నానో లెక్కలేదు.

ఒంగోలు ఎండలకు అలవాటుపడిన అమ్మకు బెంగళూరు డిసెంబరు మంచు ప్రదేశంలా అనిపించింది. టోపీ, మేజోళ్లు, స్వెట్టరు, పైన రెండు దుప్పట్లు సిద్ధం చేసింది. బిడ్డ ఒంట్లోని అదనపు వేడి తల నుంచి బయటికి పోవాలి, కనుక ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ ఉండకూడదు. దుప్పటికి బదులు చేతులు బయటికి ఉండే నిద్రసంచిలాంటి గౌను వాడాము. చలి వేస్తోందా అని తెలుసుకోవడానికి చేతులు, పాదాలు పట్టి చూస్తే లాభం లేదు, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక వేలు పెట్టి చూడాలి. అక్కడ చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయాలి.

బారసాల నాడు బాబును పువ్వులు కట్టిన ఉయ్యాలలోనే వేశాము. తరువాత కూడా అమ్మ ఉన్నన్నాళ్లు పగలు చీర ఉయ్యాలలో పాటలు పాడుతూ ఊపింది, నేను అడ్డుచెప్పలేదు. కాని వాడు నిద్రలోకి జారుకోగానే ఎత్తి మంచం మీద పడుకోబెట్టేవాళ్లం. చీర గుంటలో గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరిదారి మడతపడుతుంది. ఖాళీ ఉయ్యాల వేలాడుతూ ఉంటే పెద్దపిల్లలు ఆడుకుంటూ మెడకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. రాత్రి పాలిచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తల్లులందరికీ చెప్పాలని ఉంది. నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డతో సోఫాలో కూర్చోవద్దు. మనం కునుకు తీస్తే బిడ్డ సోఫా మూలల్లోకి జారిపోతుంది. అది మంచం కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం.

మంచం బిగించిన రోజున ఒక బోల్టు రంధ్రం తప్పుగా తొలిచి ఉందని తేలింది. అమ్మినవారు కొత్త పలక పంపడానికి మూడు వారాలు పట్టింది, అందువల్ల ప్రసవానికి ఎంత ముందుగా కొంటే అంత మంచిదని చెబుతాను. ఇప్పటికీ ప్రతి నెలా ఒకటో తేదీన మావారు బోల్టులన్నీ తిప్పి చూస్తారు. ఎప్పుడూ ఒకటో రెండో వదులై ఉంటాయి. అయిదో నెలలో చేతులమీద లేవడం మొదలుపెట్టగానే పైన వేలాడే బొమ్మలు తీసేసి, పలకను మధ్య మెట్టుకు దించాము. ఏడో నెలలో ఒక సాయంత్రం వంటింట్లోంచి వచ్చేసరికి వాడు మోకాళ్లమీద లేచి పై అంచు పట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఆ రాత్రి వాడిని పడుకోబెట్టే ముందే పలక అట్టడుగు మెట్టుకు దిగింది.

ఇప్పుడు వాడికి పదకొండు నెలలు, పొడవు 74 సెంటీమీటర్లు. పై అంచు మీద కింది పళ్లు రెండింటి గాట్లు వరసగా పడ్డాయి. పొడవు 89 సెంటీమీటర్లకు చేరినా, అంతకు ముందే కాలెత్తి ఎక్కబోయినా పక్క చట్రం తీసేసి చిన్న మంచంగా మార్చాలి. అప్పుడు అవసరమయ్యే నాలుగు బోల్టులను, బిగించే పద్ధతి రాసిన కాగితాన్ని ఒక కవరులో వేసి పరుపు పలక అడుగున టేపుతో అతికించి ఉంచాను.